పేరు పక్కన వట్టి అంకె

“జూలై ఆరో తారీఖు సార్. పేలాల పిండి తిన్నం, మలీద తిన్నం,” అన్నాడు రాకేశ్.

ఓంప్రకాశ్ అడిగింది తేదీ ఒక్కటే. తిండి సంగతి కొసరుగా వచ్చింది. ఇన్నేళ్ల పోలీసు ఉద్యోగంలో ఆయన నమ్ముకున్నది ఆ కొసరునే. తేదీని ఎవరైనా బట్టీ పట్టుకుని వచ్చి చెప్పగలరు. ఏం తిన్నారన్నది మాత్రం నిజంగా తిన్నవాళ్లే తడుముకోకుండా చెబుతారు. ఈ కిటుకు ఆయనకు ఏ ట్రైనింగులోనూ రాలేదు, భార్య మంజుల నుంచి వచ్చింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఇంట్లో క్యాలెండర్‌తో పని పడలేదు. ‘మీకు ప్రమోషన్ కాగితం అందిన రోజు గోకరకాయ వండిన’ అంటే అది ఏ నెలో ఏ వారమో ఇట్టే తేలిపోయేది.

“రెండూ ఒక్కరోజే ఎట్ల తిన్నరు?”

“ఈసారి తొలి ఏకాదశి, పీర్ల పండుగ ఒక్క ఆదివారమే పడ్డయి గద సార్. పేలాల పిండి సేటు ఇంటికెల్లి వచ్చింది. మలీద ఈడ ఊడ్చే లింగవ్వ పీర్ల కొట్టం కాడికెల్లి తెచ్చింది. మంచి రోజని సేటు గా పొద్దే సాఫ్ట్‌వేర్ పెట్టియ్యమన్నడు.”

సేటు అంటే పర్శరాములు. కరీంనగర్ శివారులోని ఈ కోల్డ్ స్టోరేజీ ఆయనదే. హోటళ్లకు పోయే చేపలు, ఐస్‌క్రీములు, మైనస్‌లో ఉంచాల్సిన టీకాల డబ్బాలు అద్దెకు దాచిపెట్టే చోటు. మొన్న మంగళవారం తెల్లవారి రెండో గది తలుపు తీస్తే లెక్కలు చూసే తిరుపతి లోపల గడ్డకట్టి కనిపించాడు. లోపలి నుంచి తలుపు తెరిచే బటన్ ఆ రాత్రి పనిచేయలేదు. పనిచేయొద్దని కంప్యూటర్‌లో ఎవరో ముందే ఆజ్ఞ రాసిపెట్టారు. ఆ ఆజ్ఞ పక్కన ఉన్న పేరు యాస్మీన్‌ది.

యాస్మీన్ ఇక్కడ స్టోర్‌కీపర్. ఇప్పుడు పక్క గదిలో మహిళా కానిస్టేబుల్ ఎదురుగా కూర్చుని ఉంది. సాయంత్రం లోపు వేరే మనిషిని చూపించకపోతే ఆమెను అరెస్టు చేస్తానని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రంజిత్ గడువు పెట్టాడు. ఆమె తల్లి ఖుద్సియా పొద్దున్నే వచ్చి, రిటైరయ్యాక చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడుపుకుంటున్న ఓంప్రకాశ్ గుమ్మంలో నిలబడి, “నా బిడ్డ చీమను గూడ దులుపుతది గని నలపదు భయ్యా” అని ఒక్క మాట చెప్పింది. ఆయన చెప్పులేసుకుని బయలుదేరాడు.

“సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు ఏమేం చేసినవో చెప్పు. కంప్యూటర్ తెల్వనోనికి చెప్పినట్టు చెప్పు,” అన్నాడు.

రాకేశ్‌కు ఊళ్లో కంప్యూటర్ల షాపు ఉంది. తలుపులకు, కెమెరాలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు పెట్టడం అతని పని. “పెట్టేటప్పుడు మొదటి యూజర్ పేరు అడుగుతది సార్. మనం ఏం రాయకపోతే అదే ఆపరేటర్ అని ఓ పేరు పెట్టుకుంటది. గా మొదటి యూజర్‌కు అన్ని హక్కులుంటయి. గదే పేరు తోటి ఓ గ్రూపు గూడ తనంతట తనే తయారు చేసుకుంటది. తర్వాత వచ్చినోళ్లందరిని స్టోర్ గ్రూపుల వేస్తం. స్టోర్ గ్రూపోళ్లు చూడొచ్చు గని, తలుపుల ఆజ్ఞలు మార్చరాదు.”

“మరి ఈడ మొదటి యూజర్ ఎవరు?”

“ఆపరేటరే సార్. అందరికాడ గదే ఉంటది.”

ఆ జవాబు తిండి లేకుండా వచ్చింది. ఓంప్రకాశ్ దాన్ని పక్కన పెట్టుకున్నాడు.

రంజిత్ లోపలికి వచ్చాడు. ఒకప్పుడు ఓంప్రకాశ్ చేతి కింద ప్రొబేషన్‌లో పనిచేసిన కుర్రాడే. ఇప్పుడు నడుము మీద బెల్టు కొత్తది, మాటలో విసురు కొత్తది.

“ఇంక అయిపోలేదా సార్? మీ కాలంల వేలిముద్రలు ఎతుక్కుంట కూసుండేటోళ్లు. ఇప్పుడు కంప్యూటరే పేరు రాసి ఇస్తుంది. మనం చదువుకుంటే చాలు.”

“చదివేటప్పుడు సగం చదివి ఆపొద్దని నీకు నేనే చెప్పినట్టు గుర్తు. పద, గది చూద్దాం.”

రెండో గది తలుపు అడ్డంగా జరిగే మందపాటి ఇనుప తలుపు. లోపల వరుసలు వరుసలుగా పైకప్పు దాకా డబ్బాలు. ఫ్యాన్ల హోరు ఎంతంటే, పక్కన నిలబడిన రంజిత్ ఏదో అంటే పెదవులు కదలడమే కనిపించింది. ఓంప్రకాశ్ ఆఖరి వరుస వెనక్కు వెళ్లి చూశాడు. తిరుపతి దొరికింది తలుపు దగ్గరే అయినా, అక్కడ ఆ మూల ఒక టీకాల డబ్బా విప్పి ఉంది. దాని పక్కన ఖాళీ గోనె సంచులు మూడు, కప్పుకుని తీసినట్టు నలిగి ఉన్నాయి. చివరి గంటల్లో మనిషికి అవైనా దొరికాయి. ఓంప్రకాశ్ ఒక క్షణం ఆ సంచుల దగ్గర ఆగాడు.

తర్వాత తలుపు లోపలి వైపు చూశాడు. ఒకప్పుడు తిప్పి తెరిచే ఇనుప గుబ్బ ఉన్న చోట కన్నం మూసి, పక్కన ఆకుపచ్చ బటన్ పెట్టారు. బటన్ మీది ప్లాస్టిక్ నడిమధ్యకు పగిలింది. ఎన్నిసార్లు నొక్కాడో ఎవరికి తెలుసు.

బయటికి వచ్చి, తలుపును సగం తెరిచి వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తలుపు ఉన్న చోటే ఉంది.

“ఏం చూస్తున్నరు సార్?”

“తనంతట తను మూసుకుంటదేమోనని. మూసుకోదు. ఎవరో బయట నిలబడి నెట్టాలె. ఎవరు నెట్టిండ్రు?”

“యాస్మీన్.”

“ఆమె ఆరున్నరకే ఇంట్ల ఉన్నది. వాడకట్టంత చెప్తుండ్రు.”

“అర్ధరాత్రి ఆటోల మల్ల వచ్చి ఉండొచ్చు. కెమెరాలు గూడ అదే కంప్యూటర్‌కు కలిపిండ్రు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి అయిదు దాకా ఆపద గంట, కెమెరా, బటన్ అన్నీ నిద్రపోవాలని ఆజ్ఞ. రాసింది ఆమె. పదిహేను రోజుల కింద టీకాల డబ్బాల మీద ఇద్దరు అందరి ముందర కొట్లాడిండ్రు. ఇంకేం కావాలె మీకు?”

“గా కోటు గురించి చెప్పు.” తలుపు పక్కన కొక్కానికి మందపాటి చలికోటు వేలాడుతోంది. “గదిలకు పోయేటోళ్లు ఏసుకునే కోటు ఇది. తిరుపతి ఏసుకోలేదు. ఫోన్ గూడ టేబుల్ మీద చార్జింగ్‌ల పెట్టిపోయిండు. అర్ధరాత్రి దాకా ఉండేందుకు పోలేదు రంజిత్. రెండు నిమిషాల్ల వస్తనని పోయిండు. బటన్ పనిచేస్తదని పూర్తి నమ్మకంతోటి పోయిండు.”

రంజిత్ కోటు వైపు ఒకసారి చూసి, తల తిప్పుకున్నాడు.

ఆఫీసు గదిలో యాస్మీన్‌ను ఎదురుగా కూర్చోబెట్టారు. పాతికేళ్లుంటాయి. నీళ్ల గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

“తిరుపతితో కొట్లాట ఎందుకమ్మా?”

“కొట్లాట కాదు సార్. రెండో గదిల టీకాల డబ్బాల మీద నంబర్లు నేను ఎక్కించుకున్నయి వేరే, ఉన్నయి వేరే. నేను మార్చిన్నని ఆయన, ఆయన మార్చిండని నేను. నాలుగు రోజులైనంక ఆయనే వచ్చి, నువ్వు కాదు బేటీ, నాకు తెలిసింది, జర మాఫ్ చెయ్యి అన్నడు. ఎవరో మాత్రం చెప్పలే.”

“నీ పేరు మీద కంప్యూటర్‌ల ఖాతా ఎప్పుడయింది?”

“గా మాఫీ అడిగిన మర్నాడే. అంతకుముందు నాకు సొంత ఖాతా లేదు. నేను దసరా అయినంకనే గదా ఇక్కడ చేరింది. అంతకుముందు ఉట్నూర్‌ల ఓ ఆఫీసుల కాంట్రాక్టు మీద ఉంటి.”

ఓంప్రకాశ్ రంజిత్ వైపు తిరిగాడు. “ఆ ఆజ్ఞ మీద తారీఖు ఏమున్నది?”

“వినాయక చవితి వారం,” అన్నాడు రంజిత్. వెంటనే అందుకున్నాడు. “తారీఖుదేముంది సార్. కంప్యూటర్‌ల గడియారం వెనక్కి తిప్పితే పాత తారీఖు పడ్తది. మావోడే చెప్పిండు.”

“సరే. నువ్వు ప్రింట్ తీసి తెచ్చిన కాగితం వద్దు. అసలు లైను తెర మీద చూపియ్యమను.”

రాకేశ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. చల్లటి గదుల పక్కనే ఉన్నా అతని మెడ మీద చెమట పట్టింది. తెర మీద ఒక లైను వచ్చింది. ఆజ్ఞ ఉన్న ఫైలు, దాని తారీఖు, దాని యజమాని పేరు యాస్మీన్. ఆ పేరు పక్కన ఆమె గ్రూపు పేరు ఉండాలి. అక్కడ పేరు లేదు. వెయ్యి అని వట్టి అంకె ఉంది.

ఓంప్రకాశ్ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా వంగాడు. “మిగతా ఫైళ్లన్నిటికీ యజమాని పక్కన గ్రూపు పేరున్నది. స్టోర్ అనో, ఇంకోటో. దీనికి అంకె ఎందుకున్నది? యాస్మీన్ స్టోర్ గ్రూపుల కద ఉన్నది?”

రాకేశ్ కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

“స్టోర్ గ్రూపోళ్లు తలుపుల ఆజ్ఞలు మార్చరాదని ఇందాక నువ్వే చెప్పినవు. మరి మార్చరానిదాన్ని ఈ పిల్ల ఎట్ల మార్చింది? రాకేశ్, నీకు తెలుసు. ఇందాక ఆపరేటర్ అన్నప్పుడే అబద్ధమని నాకు తెలిసింది. జూలై ఆరున ఈ కంప్యూటర్‌ల మొదట పెట్టిన పేరు ఏంది?”

“రాజన్న,” అన్నాడు రాకేశ్ నెమ్మదిగా.

“ఏ రాజన్న?” రంజిత్ జేబులోంచి పెన్ను తీశాడు.

“వేములవాడ రాజన్న సార్. దేవుడు.”

గదిలో ఎవరూ నవ్వలేదు. రాకేశ్ చెప్పుకుపోయాడు. సేటుకు ఏది మొదలుపెట్టినా దేవుని పేరు మీద మొదలుపెట్టే అలవాటు. గోదాంలోకి వచ్చిన మొదటి బస్తా రాజన్నది, మొదటి అద్దె రసీదు రాజన్నది. అలాగే కంప్యూటర్‌లో మొదటి పేరు కూడా స్వామిదే ఉండాలన్నాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని మొదటి యూజర్‌గా వెయ్యి నంబరు కింద రాసుకుని, అన్ని హక్కులూ ఇచ్చి, ఆ పేరుతోనే గ్రూపు కూడా తయారుచేసుకుంది. దేవునికి మొక్కుబడిగా ఇచ్చిన కుర్చీయే ఆ గోదాంలో అన్నిటికన్నా పెద్ద కుర్చీ అయింది.

“ఇప్పుడా పేరు ఏమైంది?”

“తీసేసిన సార్. తిరుపతి సార్ తీసెయ్యమన్నడు. డబ్బాలు మారుతున్నయి రాకేశ్, దేవుని పేరు మీద దొంగెవడో లోపల తిరుగుతుండు, ఆ ఖాతా పీకెయ్యి, సేటుకు నేను తర్వాత చెప్పుకుంట అన్నడు. షాపుల కూసునే తీసేసిన. పనిలపని యాస్మీన్ మేడంకు కొత్త ఖాతా చెయ్యమన్నడు, చేసిన. సేటుకు చెప్పకుండ దేవుని పేరు తీసినమని తెలిస్తే నా కాంట్రాక్టు పోతదని ఎవరికి చెప్పలే.”

ఓంప్రకాశ్ కుర్చీలో వెనక్కు వాలాడు. “రంజిత్, మా బాపు నస్పూర్ గనిల పనిచేసిండు. దీపాల గదిల ప్రతి కార్మికునికి టోపీ దీపం ఒకటి, దాని మీద నంబరొకటి. ఆ గదిల మనిషి పేరు ఎవరికీ పట్టదు, నంబరే మనిషి. ఒకాయన రిటైరైతే ఆ దీపం ఖాళీగ ఉండదు, కొత్తగ వచ్చినాయనకు ఇస్తరు. ఒకసారి దీపం అద్దం పగిలిందని కొత్తాయనకు జుర్మానా ఏసిండ్రు. పగలగొట్టింది పాతాయన. కొత్తాయన అప్పటికి గనినే చూడలేదు.”

“కథ బాగుంది సార్. కోర్టుల కథ చెల్లదు.”

“చెల్లదు. అందుకే కండ్లతోటి చూడు. రాకేశ్, నీ ల్యాప్‌టాప్‌ల ఇదే సాఫ్ట్‌వేర్ ఉంటది గదా. ఉత్తగ దీపం అని ఓ ఖాతా పెట్టు.”

రాకేశ్ పెట్టాడు. ఆ ఖాతాతో ఒక చిన్న ఫైలు రాశాడు. తెర మీద యజమాని దీపం, గ్రూపు దీపం అని వచ్చింది. తర్వాత ఆ ఖాతాను తీసేశాడు. ఫైలు అక్కడే ఉంది. రెండు పేర్లూ పోయి, రెండు చోట్లా వట్టి అంకెలు మిగిలాయి.

“ఇప్పుడు స్టోర్ గ్రూపుల కొత్త ఖాతా ఒకటి పెట్టు. పేరు రంజిత్ అని రాయి.”

ఖాళీ అయిన నంబరు కొత్తగా వచ్చినవాడికి వెళ్లింది. తెర మీద ఆ ఫైలుకు యజమాని రంజిత్ అని పేరు పడింది. పక్కన గ్రూపు చోట అంకె అలాగే ఉండిపోయింది.

“ఈ ఫైలు నువ్వు ఎప్పుడు రాసినవ్?” ఓంప్రకాశ్ అడిగాడు.

రంజిత్ తెర వైపు చాలాసేపు చూశాడు. మీసం కొస ఒకసారి దువ్వుకున్నాడు. “అయితే ఎఫ్ఐఆర్‌ల ఏ-వన్ రాజరాజేశ్వర స్వామి, తండ్రి పేరు తెలియదు, నివాసం వేములవాడ అని రాయమంటరా?”

“స్వామికి పాస్‌వర్డ్ తెల్వది. తెలిసిన మనిషి పేరు రాయి. రాకేశ్, పాస్‌వర్డ్ ఎవరు పెట్టిండ్రు?”

“సేటే సార్. దండం పెట్టుకుంట కొట్టిండు. మమ్ములనందరిని మొఖాలు అటు తిప్పుకోమన్నడు.”

“పర్శరాములు ఆ రాత్రి ఈడ లేడు,” అన్నాడు రంజిత్ వెంటనే. “సోమవారం సాయంత్రమే వేములవాడ పోయిండు. సత్రంల నిద్ర చేసిండు. నేనే కనుక్కున్న. ఆయన పక్కన పండుకున్నోళ్లు ఇరవై మంది సాక్ష్యం చెప్తరు. మంగళవారం కబురు పోతే ప్రసాదం సంచితోటి వచ్చిండు. ఎవరో ఆయన పాస్‌వర్డ్ చూసి ఉంటరు.”

ఓంప్రకాశ్ రాకేశ్‌ను ఇంకొక్కటి అడిగాడు. “ఖాతా తీసేస్తే, ఆ ఖాతా రాసిన ఆజ్ఞలు గూడ పోతయా?”

“పోవు సార్. అవి వేరే చోట ఉంటయి. వాటిని గూడ ఎతికి తియ్యాలె.”

“ఆ మాట తిరుపతికి చెప్పినవా?”

“ఆయన అడగలే సార్,” అన్నాడు రాకేశ్. మెడ తుడుచుకుని, “నేను చెప్పలే,” అన్నాడు.

యాస్మీన్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టింది. ఖాతా పోయింది కాబట్టి దాని ఆజ్ఞలూ పోయాయనుకున్నాడు తిరుపతి. బటన్ పనిచేస్తుందనుకున్నాడు. కోటు కూడా వేసుకోకుండా లోపలికి వెళ్లాడు.

రంజిత్ లేచాడు. యాస్మీన్‌తో, “ఊరు దాటి పోవద్దు. రేపు పిలుస్తే రావాలె,” అన్నాడు. అంతకన్నా దిగివస్తే అతని బెల్టు ఒప్పుకోదు. కానీ గేటు బయటికి పోయి ఆమె కోసం ఆటో ఆపింది, డ్రైవర్‌కు జాగ్రత్తగా దించమని చెప్పింది అతనే. ఓంప్రకాశ్ కిటికీలోంచి అది చూశాడు. చూడనట్టే ఉండిపోయాడు.

పొద్దు గుంకింది. ఊడ్చే పని చేసే లింగవ్వ గేటు పక్కన రేకుల గదిలో ఉంటుంది. ఓంప్రకాశ్ వెళ్లేసరికి చీరలు రెండు మడిచి మూట కడుతోంది. కుర్చీ లేకపోతే ఆయనకు బోర్లించిన బకెట్ చూపించింది. ఆయన దాని మీదే కూర్చున్నాడు. పక్కన తిరుపతి అన్నం డబ్బా, తోమి బోర్లించి ఉంది.

“ఆయన పెండ్లానికి ఇయ్యాలె సారు. కడగక ఇస్తే బాగుండదని,” అంది లింగవ్వ.

“పోలీసులు నిన్ను ఏం అడిగిండ్రవ్వా?”

“ఎవరన్న వచ్చిండ్రా అన్నరు. ఎవ్వరు రాలే అన్న. గంతే. నిజంగనే రాలే సారు. గా పిల్ల నడిజాముల వచ్చిందంటుండ్రు, గప్పటికి నేను పండుకున్న.”

ఓంప్రకాశ్ తలుపు మాట ఎత్తలేదు. “సోమవారం రాత్రి ఏం తిన్నవవ్వా?” అని అడిగాడు.

లింగవ్వకు ఆ ప్రశ్న నచ్చింది. నాలుగు రోజులుగా ఆమెను ఎవరూ అలాంటిది అడగలేదు. “జొన్న రొట్టె చేసుకున్న. పుంటికూర పప్పున్నది. తొమ్మిది దాటినంక తినబోతుంటే సేటు ఫోను చేసిండు. ఎన్నడు నాకు చెయ్యడు, ఏందో అనుకున్న. అవ్వా, రెండో గది తలుపు తెరిచిపెట్టి పోయిండ్రు, చల్లదనమంత బయటికి పోతుంది, జర ఏసి రా అన్నడు. పోయి చూస్తే నిజంగనే తెరిచున్నది. ఏసి అచ్చిన. అచ్చేవరకు రొట్టె సల్లబడ్డది.”

ఓంప్రకాశ్ చేతులు మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాయి.

వేములవాడ సత్రంలో పడుకున్న మనిషికి కరీంనగర్‌లో తలుపు తెరిచి ఉందని ఎలా తెలుసు? కెమెరాలు ఆ వేళకు నిద్రలో ఉన్నాయి. లోపలికి పోయి ఆఖరి వరుస డబ్బాలు చూడమని తిరుపతిని పంపినవాడికే తెలుస్తుంది. డబ్బాలు మార్చడానికి వాడుకునే తన దేవుని ఖాతా తెరుచుకోని రోజే అది ఎవరు మూయించారో సేటు కనుక్కుని ఉంటాడు. ఆజ్ఞ మాత్రం బతికే ఉందని ఆయనకు తెలుసు, తిరుపతికి తెలియదు. మిగిలింది తలుపు నెట్టడం ఒక్కటే. దానికి, చెప్పిన పని మారు మాట్లాడకుండా చేసే చెయ్యి ఒకటి ఉంది.

ఆ చెయ్యి ఇప్పుడు మూటకు ముడి వేస్తోంది.

‘లోపల ఎవరన్నా ఉన్నారా అని పిలిచినవా?’ అన్న ప్రశ్న ఓంప్రకాశ్ నోటి దాకా వచ్చింది. ఆయన దాన్ని అడగలేదు. ఆ ఫ్యాన్ల హోరులో పిలిచినా వినపడదు. అడిగితే మాత్రం ఈమె బతికినన్నాళ్లూ వినపడుతుంది.

“ఈ మూట ఎక్కడికవ్వా?”

“ఆదిలాబాద్‌ల సేటుకు ఇంకో గోదాం ఉన్నదట. ఆడ ఊడ్చేటోళ్లు లేరట. ఇయ్యాల రాత్రే జీపు పంపుత, తయారుగుండు, ఎవరికి చెప్పకు, అందరు నాకూ నాకూ అంటరు అన్నడు. పొద్దుగాల మల్ల ఫోను చేసిండు సారు. నాకు రెండుసార్లు ఫోను చేసిండంటే చూడుర్రి.” ఆమె గొంతులో కొంచెం గర్వముంది.

పర్శరాములుకు ఆదిలాబాద్‌లో గోదాం లేదు. ఆయన ఆస్తులన్నీ ఓంప్రకాశ్ పొద్దునే కనుక్కున్నాడు.

“జీపు ఎన్నింటికి?”

“ఎనిమిదింటికన్నడు.”

ఓంప్రకాశ్ లేచి మూట చేతిలోకి తీసుకున్నాడు. “ఈ రాత్రికి పోవద్దవ్వా. యాస్మీన్ వాళ్ల అమ్మ పరేషాన్‌ల ఉన్నది. నాలుగు రోజుల నుంచి సరిగ తినలేదు. ఓ పెద్దమనిషి పక్కన ఉంటే బాగుంటది. నా బండి మీద దించుత, రా.”

“అయ్యో, తినకపోతే ఎట్ల?” అంటూ లింగవ్వ చెప్పులు వెతుక్కుంది. సేటు సంగతి ఏమైతదని అడిగింది. తను చెప్పుకుంటానన్నాడు ఓంప్రకాశ్. తిరుపతి అన్నం డబ్బాను మూటలో పెట్టుకోవడం మాత్రం ఆమె మరిచిపోలేదు.

గేటు దాటాక ఆయన బండి ఒక పక్కన ఆపి రంజిత్‌కు ఫోన్ చేశాడు. రొట్టె, ఫోను, తలుపు, జీపు, ఈ నాలుగే చెప్పాడు. అవతలి నుంచి “సరే సార్” అన్న మాట వచ్చింది. ఈసారి ఆ సార్‌లో ఎగతాళి లేదు.

ఖుద్సియా ఇల్లు సందు చివర. యాస్మీన్ అప్పటికే ఇల్లు చేరింది. ముఖం కడుక్కుని, తడి జుట్టుతో గోడకు ఆనుకుని కూర్చుంది. ఖుద్సియా ఎందుకు, ఏమిటి అని అడగలేదు. లింగవ్వ మూటను అందుకుని లోపల పెట్టి, ఇంకో కంచం తీసింది. ఖిచిడీ, ఖట్టా. యాస్మీన్ మొదట ఒక ముద్ద తిన్నది, తర్వాత లింగవ్వను చూసి రెండో ముద్ద తిన్నది. “పుల్లగ మంచిగున్నదవ్వా, చింతపండు ఏడ తెస్తరు?” అని లింగవ్వ అడుగుతోంది. ఆ తలుపు నెట్టిన చెయ్యి, ఆ తలుపు నేరం మోసిన చెయ్యి ఒకే గిన్నెలోంచి వడ్డించుకుంటున్నాయి. ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. రేపు పొద్దున చెప్పక తప్పదు. చెప్పాల్సింది ఓంప్రకాశే. ఈ రాత్రి మాత్రం లింగవ్వను నిద్రపోనివ్వవచ్చు.

ఫోన్ మోగింది. ఓంప్రకాశ్ గడప బయటికి వచ్చి ఎత్తాడు.

“జీపు దొరికింది సార్,” అన్నాడు రంజిత్. “డ్రైవర్‌ను అడిగిన, ముసలామెను ఎక్కడ దించాలని. సేటు అడ్రసు చెప్పలేదట. ఉట్నూర్ దాటి అడవిలకు పోయినంక ఫోన్ చెయ్యి, గప్పుడు చెప్త అన్నడట. పర్శరాములు ఇంట్ల లేడు. ఆయన కారు గూడ లేదు. మీరు ఆమెను బయటికి రానియ్యకుర్రి.”

“రానియ్య.”

ఖుద్సియా గడప దగ్గరకు వచ్చింది. “భయ్యా, మీరు గూడ రెండు ముద్దలు తినిపోర్రి.”

“రేపు తింట అమ్మా. నేను ఈ అరుగు మీదనే ఉంట. ఎవరొచ్చి పిలిచినా తియ్యకుర్రి. సేటునని చెప్పినా తియ్యొద్దు. నా గొంతు ఇంటెనే తియ్యాలె.”

ఆమె తల ఊపింది. లోపల లింగవ్వ కంచం కడగడానికి లేస్తుంటే యాస్మీన్ వద్దంటూ లాక్కుంటోంది. ఖుద్సియా రెండు రెక్కలూ చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది. గడియ పడింది. పడిన చప్పుడు చెవిన పడ్డాకే ఓంప్రకాశ్ అరుగు మీద కూర్చున్నాడు. గడియ లోపలి వైపుంది.